దేనితోగారి ఆదివారాలు

మా బావగారిని ఏమడిగినా జవాబు రాదు, ప్రశ్న వస్తుంది. పోనీ రోజుకో కొత్త ప్రశ్నయితే కాలక్షేపమైనా అయ్యేది. మా అక్క పెళ్ళయిన నాటి నుంచీ నేను ఆయన నోట విన్నది ఒకటే ప్రశ్న: "దేనితో పోలిస్తే?"

"కూర ఎలా ఉందండీ?" అని అక్క అడుగుతుంది.

"దేనితో పోలిస్తే?" అంటారు బావగారు.

అక్క గరిటె అక్కడే పడేసి లేచి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయిన సంగతి ఆయనకు తెలియదు. నిన్నటి కూరతోనా, పెళ్ళయిన కొత్తలో వండిన కూరతోనా, అసలు కూరే లేకపోవడంతోనా అని అరమూసిన కళ్ళతో ఆలోచిస్తూ గిన్నె ఖాళీ చేస్తారు. తీరా లెక్క తేలి, "మూడింటితోనూ పోల్చానోయ్, బాగానే ఉంది," అని తలెత్తేసరికి ఎదురుగా కుర్చీ మాత్రమే ఉంటుంది. ఆ కుర్చీకే చెప్పి చెయ్యి కడుక్కుంటారు.

ఒకసారి జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. "ఒంట్లో ఎలా ఉంది?" అని డాక్టరు అడిగాడు. ఈయన మామూలుగా ఈయన ప్రశ్న వేశారు. డాక్టరుకు చిర్రెత్తుకొచ్చి, "బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళతో పోలిస్తే!" అన్నాడు. బావగారు తలుపు తీసి, బయట ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ జాలిగా పరిశీలించి, "అయితే నాకు బ్రహ్మాండంగా ఉందండీ," అని మందు లేకుండా ఇంటికొచ్చేశారు. ఆ బ్రహ్మాండంతో నాలుగు రోజులు మంచం దిగలేదు.

మంగలి షాపులో జరిగింది ఇంకా ఘోరం. "కాస్త పొట్టిగా కత్తిరించమంటారా?" అన్నాడు అతను. "దేనితో పోలిస్తే?" అన్నారు ఈయన. అతను విసుక్కుంటూ పక్క కుర్చీ వైపు కత్తెర చూపించాడు. పక్క కుర్చీలో ఆయనకు దేవుడే గుండు చేసి పంపాడు. బావగారి దృష్టి అప్పటికే కిటికీలోంచి ఏదో గడ్డిపరక మీదికి పోయింది, ఊరికే తలాడించారు. ఆ సాయంత్రం మా అక్క తలుపు సందులోంచి చూసి, "మీరు ఎవరింటికొచ్చారండీ?" అని అడిగింది.

తప్పు పూర్తిగా ఆయనది కాదు, ఆయన ఉద్యోగానిది. మా ఊరి చివర పెద్ద కొండ ఉంది. దాని తూర్పు సగాన్ని ఒక కంపెనీ రాయి కోసం తవ్వేసింది. రాయి అయిపోయాక గొయ్యి మిగిలింది. గోతిని రాళ్ళపొడితో, పనికిరాని మట్టితో పూడ్చి, పైన గుట్టలా ఎత్తి, మొక్కలు నాటించారు. పడమటి సగాన్ని ఏనాడూ ఎవరూ ముట్టుకోలేదు. తవ్వి పూడ్చిన చోట ఏం మొలిచింది, ముట్టని చోట ఏముంది, రెండింటికీ తేడా ఎంత అని చూసి చెప్పడానికి కొండ కింద ఒక ఆఫీసు పెట్టారు. చూసి చెప్పే మనిషి మా బావగారు. ఆయన చెప్పినదాన్ని పటంగా గీసే మనిషిని నేను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోల్చడమే పనైన మనిషి, ఇంటికొచ్చాక దాన్ని ఎలా ఆపాలో తెలియక అలా తిరుగుతూనే ఉంటారు.

ఆఫీసులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన దేనితోగారు. కొత్తగా చేరిన కాపలాదారు అది ఇంటిపేరనుకున్నాడు. "మీవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారా సార్, దేనితోవాళ్ళు?" అని ఆప్యాయంగా అడిగాడు కూడా.

ఆయన పనిముట్టల్లా ఒక చెక్క చట్రం. మీటరు పొడవు, మీటరు వెడల్పు. కళ్ళు మూసుకుని, మూడు చుట్లు తిరిగి, దాన్ని విసిరేస్తారు. ఎక్కడ పడితే అక్కడ కూర్చుని, దాని లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో రాసుకుంటారు. కళ్ళు తెరిచి విసిరితే మనసు చెయ్యిని మంచి చోటికి లాగేస్తుందట. కళ్ళు మూసుకుంటే చట్రం ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఒకసారి మా ఆఫీసరు, మేము పెద్దసారు అంటాం, వంగి బూటు ముడి వేసుకుంటుంటే ఆయన మెడలో పడింది. పెద్దసారు అరుపులకు పిట్టలు లేచిపోయాయి. బావగారు మాత్రం నింపాదిగా వెళ్ళి, పెద్దసారు చొక్కాకి అంటుకున్న గడ్డిగింజలు చూసి, పుస్తకంలో "రెండు రకాలు" అని రాసుకున్నారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనతో పడమటి వాలుకు వెళ్ళిన ఒక పొద్దుంది. అది నాకు ఇప్పటికీ జరిగినట్టుండదు, కలగన్నట్టుంటుంది. మంచు ఇంకా పూర్తిగా లేవలేదు. నడుం దాకా గడ్డి. గడ్డి పక్కకు తీస్తే దాని కింద పొట్టి మొక్కలు, వాటి కింద ఆకులు నేలకు ఆనించుకుని పాకే తీగలు, తీగల కింద తడి నాచు. వేలు పెడదామంటే ఉత్త మట్టి కనబడలేదు. ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు, ఎక్కడో తెలియదు. గాలి పైన ఒక తీరుగా, మోకాళ్ళ దగ్గర ఇంకో తీరుగా ఉంది. బావగారు ఏదో చెబుతున్నారు గానీ నాకు సగమే వినబడుతోంది.

"ఎందుకు బావగారూ గుసగుసలాడుతున్నారు?" అన్నాను. చూస్తే నేనూ గుసగుసగానే అన్నాను.

"ఏమోనోయ్. ఇక్కడికొస్తే గొంతు దానంతటదే తగ్గిపోతుంది," అన్నారు.

ఆయన వెల్లకిలా పడుకున్నారు. నేనూ పడుకున్నాను. మా మొహాల మీద గడ్డికంకులు అటూ ఇటూ ఊగుతుంటే, ఆయన ఒక్కో మొక్క పేరూ నెమ్మదిగా చెబుతూ పోయారు. ఎనభై నాలుగు రకాలు. ముప్ఫై దాటాక నేను నిద్రపోయాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే, పనివేళల్లో, పై ఉద్యోగి సమక్షంలో గుర్రుపెట్టి నిద్రపోయిన ఘనత మా ఆఫీసులో నా ఒక్కదానిదే. లేచేసరికి ఆయన టోపీ నా మొహం మీద ఉంది, ఆయన ఎండలో కూర్చుని ఇంకా రాసుకుంటున్నారు.

ఆ నెలలోనే నేను నా మొదటి పటం గీశాను. ఎత్తులు చూపించే గీతల పక్కన అంకెలు తిరగేసి వేశాను. దాంతో పటం చదవడం వచ్చినవాడికి తూర్పు గుట్ట గుట్టలా కాక, అరవై అడుగుల గొయ్యిలా కనబడుతుంది. పెద్దసారు పటాన్ని బల్ల మీద కొట్టాడు. "కొండని గొయ్యి చేసింది! మొత్తం తప్పు!"

"దేనితో పోలిస్తే?" అన్నారు బావగారు.

"దేనితో ఏమిటయ్యా, నేలతో!"

"ఏ ఏడాది నేలతో అండీ? పూడ్చకముందు నేలతో పోలిస్తే ఈ పిల్ల పటంలో అడుగు కూడా తేడా లేదు."

పెద్దసారు కిటికీలోంచి గుట్ట వైపు చూశాడు, పటం వైపు చూశాడు, నవ్వు ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు. "సరే, ఈ ఏడాదిది ఒకటి గీసుకురా తల్లీ," అన్నాడు. బావగారు నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

ఇక తూర్పు గుట్ట. కాగితాల్లో అది కంపెనీది. కానీ ఎవరినడిగినా నర్సరమ్మ గుట్ట అంటారు. గుట్ట కింద రేకుల షెడ్డు నర్సరీలో నారు పోసి, మొక్కలు పెంచి, మోసుకెళ్ళి నాటేది ఆవిడే. నీళ్ళ డబ్బా చేతిలో లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు. రాళ్ళపొడిలో మొక్క బతకడం మాటలు కాదు. వానొస్తే కొట్టుకుపోతుంది, ఎండొస్తే పెనంలా కాలుతుంది. ఆవిడ ఒక్కో మొక్కనూ కళ్ళల్లో పెట్టుకుని సాకింది.

మొక్కల శాస్త్రీయ నామాలు ఆవిడకు అక్కర్లేదు. ఆవిడ పేర్లు ఆవిడవి. ముట్టుకుంటే వాలిపోయేది సిగ్గులాడి. ఎన్ని నీళ్ళు పోసినా చాలనిది తాగుబోతు. నాలుగుసార్లు నాటితే నాలుగుసార్లూ చచ్చి, అయిదోసారి విసుగొచ్చి షెడ్డు వెనక గుట్ట అంచున పారేస్తే అక్కడ గుబురుగా పెరిగినదానికి పెద్దకోడలు అని పేరు. బావగారి పుస్తకంలో ఆ పేర్లన్నీ శాస్త్రీయ నామాల పక్కన శ్రద్ధగా రాసి ఉండేవి.

ఏటా లెక్క అయిపోగానే ఆవిడ ఎదురొచ్చేది. "ఎలా ఉంది సారూ నా గుట్ట?"

"దేనితో పోలిస్తే?"

"అబ్బ! ఊరికే బాగుందని ఒక్క మాటంటే మీ నోరేమన్నా అరిగిపోతుందా సారూ?"

బావగారు నిజంగానే ఇబ్బందిపడేవారు. ఏదో చెప్పబోయి, పడమటి కొండ వైపు చూసి, మళ్ళీ నోరు మూసుకునేవారు. ఆవిడ నీళ్ళ డబ్బా ఊపుకుంటూ వెళ్ళిపోతుంటే, "ఈ మనిషితో ఎలా వేగుతున్నావమ్మా?" అని నన్ను అడిగేది. "నేను కాదమ్మా, మా అక్క వేగుతోంది," అనేదాన్ని.

అక్క వేగలేకపోయేది ఆదివారాల దగ్గర. ఆదివారం వచ్చిందంటే చాలు, బావగారు టిఫిను డబ్బా కట్టించుకుని, మెడలో దుర్భిణీ వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని మాయమయ్యేవారు. సాయంత్రం చొక్కా ముందు భాగమంతా నాచు మరకలతో, కళ్ళు ఎర్రగా, మత్తుగా తిరిగొచ్చేవారు. అడిగితే చెప్పరు. ఒకనాడు గొర్రెలు కాసే ఆయన మా అక్కకు కబురు మోసుకొచ్చాడు. "అయ్యగారు పడమటి కొండ చివర పెద్ద బండ మీద బోర్లా పడుకుని నిద్రపోతుంటారమ్మా. నేను పొద్దున తోలుకెళ్ళేటప్పుడూ అంతే, సాయంత్రం తోలుకొచ్చేటప్పుడూ అంతే."

"ఇంట్లో మంచం ఏం పాపం చేసిందండీ?" అని అక్క నిలదీసింది.

"దేనితో పోలిస్తే?"

"బండతో!"

ఆయన కాసేపు ఆలోచించి, "మంచం మంచిదేనోయ్," అని ఒప్పుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ బండ మీదే ఉన్నారు. పన్నెండేళ్ళు అలా గడిచాయి.

పన్నెండేళ్ళు నిండటమే మా కొంప ముంచింది. కంపెనీకి అనుమతిచ్చిన రోజునే పైవాళ్ళు ఒక రూలు రాసి పెట్టారు. నాటడం మొదలుపెట్టి పన్నెండేళ్ళు నిండాక, పూడ్చిన నేల మీద ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కించాలి. ముట్టని నేల మీద ఉన్న రకాల లెక్కలో కనీసం సగం ఇక్కడ ఉండాలి. లేకపోతే గుట్ట మొత్తం యంత్రంతో దున్నించి, గడ్డి విత్తనం చల్లించి, మళ్ళీ మొదలుపెట్టాలి. తనిఖీ అధికారి సోమవారం వస్తున్నాడని ఉత్తరం వచ్చింది.

బావగారు మూడు రోజులు గుట్టంతా చట్రం విసిరారు. నేను వెనకాలే రాసుకున్నాను. నర్సరమ్మ నీళ్ళు పోయడం మానేసి మా వెంట నడిచింది. చట్రం రాళ్ళ మీద పడ్డప్పుడల్లా "అయ్యో, అటు వెయ్యండి సారూ, అటు నా సిగ్గులాడులు గుంపుగా ఉన్నాయి," అని బతిమాలింది. బావగారు కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నారు. శనివారం సాయంత్రం లెక్క తేలింది. ముప్ఫై ఒకటి.

పడమటి వాలు మీద ఎనభై నాలుగు. సగమంటే నలభై రెండు. నర్సరమ్మకు చదువు రాకపోయినా ఆ లెక్క వచ్చు. నీళ్ళ డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది.

"అన్నీ దున్నేస్తారా సారూ?" అంది. "పెద్దకోడల్ని కూడానా?"

నేను బావగారిని చెట్టు చాటుకు లాక్కెళ్ళాను.

"బావగారూ, ఒక్కసారి కళ్ళు తెరిచి విసరండి. లేదా పదకొండు పేర్లు కలిపి రాసేద్దాం. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను కదోయ్," అన్నారు.

"ఆవిడ మొహం చూస్తున్నారా అసలు? పన్నెండేళ్ళు బిడ్డల్లా సాకింది! అదంతా మట్టిలో కలిపేస్తే మీ లెక్క ఎవరికి పనికొస్తుంది? మీకు మనసనేది ఉందా?"

ఆయన నా వైపు చూడలేదు. కొండ అంచున దిగుతున్న ఎండ వైపు, ఎప్పటిలాగే ఏదో లోకంలో ఉండి చూస్తున్నారు. "మరదలా," అన్నారు మెల్లగా, "రేపు ఆదివారమేనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ప్రాణం పోతుంటే ఈయనకు నిద్ర కావాలి. ఇంటికెళ్ళి అక్కతో చెప్పాను. అక్క ఆ ఆదివారం టిఫిను డబ్బా కట్టలేదు. ఆయన డబ్బా లేని సంచీతోనే వెళ్ళారట.

సోమవారం పొద్దున్నే తనిఖీ అధికారి వచ్చాడు. కొత్త బూట్లు, ఇస్త్రీ మడత చెడని ప్యాంటు. గుట్ట చూశాడు, మా కాగితాలు చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గదిలో పెద్దసారు, బావగారు, నేను ఉన్నాం. నర్సరమ్మ గుమ్మం బయట నిలబడింది, రమ్మంటే రాలేదు.

"అక్కడ ఎనభై నాలుగు. ఇక్కడ ముప్ఫై ఒకటి. తప్పింది. అంతేగా?" అన్నాడు అధికారి, కలం తీస్తూ.

"దేనితో పోలిస్తే?" అన్నారు బావగారు.

పెద్దసారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"దేనితో ఏమిటండీ? రూల్లో రాసి ఉందిగా!"

"రూలు ఒక్కసారి పైకి చదువుతారా?"

అధికారి మొహం చిట్లించి చదివాడు. "పక్కనే ఉండి, మనిషి చెయ్యి తగలని నేలతో."

"అంతేనండి. పడమటి వాలుతో అని లేదు," అన్నారు బావగారు. "గుట్టకు పన్నెండేళ్ళు. పడమటి వాలు వయసు ఎవరికీ తెలియదు. పన్నెండేళ్ళ పిల్లని తీసుకెళ్ళి ముత్తవ్వ పక్కన నిలబెట్టి, నీకు మునిమనవలు ఎంతమందే, అని అడిగితే ఏం చెబుతుందండీ?"

"బాగానే ఉంది. అయితే మనిషి చెయ్యి తగలనిదీ, పన్నెండేళ్ళదీ అయిన నేల ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

"అదే నేనూ అడిగానండి, రూలు చదివిన రోజున. ఎవరూ చెప్పలేదు. అందుకని వెతికాను."

సంచీలోంచి పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టారు. ఏడాదికొకటి, పన్నెండు. అట్టలకు నాచు మరకలు. అధికారి ఒకటి తెరిచాడు. ప్రతి పేజీ పైనా తేదీ ఉంది, పక్కన ఆదివారం అని ఉంది.

తర్వాత జరిగింది నేను కళ్ళారా చూశాను గనక నమ్ముతున్నాను. బావగారు మమ్మల్ని పడమటి కొండ చివర బండ దగ్గరికి తీసుకెళ్ళారు. బండ కింద కొండ నిలువుగా జారిపోయి ఉంది. పన్నెండేళ్ళ కిందట పెద్ద వానలకు ఒక ముక్క, చెట్లూ మట్టీ రాళ్ళతో సహా, దానంతటదే విరిగి కిందికి జారిందట. ఉత్త ఎర్రమట్టి బయటపడిందట. అదే వారం నర్సరమ్మ తూర్పు గుట్ట మీద మొదటి మొక్క నాటింది. రెండు బోడి నేలలు, ఒకే వారం, ఒకే కొండ. ఒకదాన్ని ఆవిడ పెంచింది. రెండోదాన్ని ఎవరూ పెంచలేదు.

"మనిషి చెయ్యి తగల్లేదని రుజువేమిటి?" అన్నాడు అధికారి. "మీరు దిగి లెక్కపెట్టారుగా."

"దిగలేదండీ. దిగితే తగిలినట్టేగా," అన్నారు బావగారు. "బోర్లా పడుకుని, చట్రాన్ని తాడుతో దింపుతాను."

ఆయన బండ అంచున బోర్లా పడుకున్నారు. చట్రానికి తాళ్ళు కట్టి, కళ్ళు మూసుకుని, కిందికి వదిలారు. అది గడ్డి మీద వాలాక దుర్భిణీ కళ్ళకు పెట్టుకుని ఒక్కో మొక్కా చెప్పడం మొదలుపెట్టారు. బండ అంచుకు తాడు ఒరిసి ఒరిసి వేలు పట్టేంత గాడులు పడి ఉన్నాయి. అధికారి ఆ గాడుల్లో వేలు పెట్టి చూశాడు. ఒకటి కాదు, అంచు పొడుగునా ఉన్నాయి. తన ఇస్త్రీ ప్యాంటు వైపు ఒక్కసారి దిగులుగా చూసుకుని, బావగారి పక్కన బోర్లా పడుకుని దుర్భిణీ తీసుకున్నాడు. కాసేపటికి పెద్దసారూ ఆగలేకపోయాడు. ముగ్గురూ అలా వరసగా పడుకుని, చట్రం ఎత్తుతూ దింపుతూ, గుసగుసలాడుకుంటూ మధ్యాహ్నమంతా గడిపారు. గాలి చల్లగా తిరుగుతోంది. కింద గడ్డి ఒకవైపు నుంచి ఇంకోవైపుకు నెమ్మదిగా వంగి లేస్తోంది. గొర్రెలాయన అటుగా వచ్చి, నోరు తెరిచి చూసి, "ఇదేదో అంటుకునే జబ్బులా ఉందమ్మా," అని గొర్రెల్ని దూరంగా తోలుకుపోయాడు.

సాయంత్రానికి అధికారి లెక్క కూడా అంతే వచ్చింది. కొండ చరియ మీద ఇరవై తొమ్మిది రకాలు. నర్సరమ్మ గుట్ట మీద ముప్ఫై ఒకటి. సగం ఉంటే చాలన్నచోట, పూర్తిగా ఉండి ఇంకో రెండు ఎక్కువున్నాయి. అధికారి రూలు మళ్ళీ మూడుసార్లు చదువుకుని, బండ మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. గుట్టను ఎవరూ దున్నరు. లేచాక కూడా ఆయన చాలాసేపు వెళ్ళకుండా నిలబడ్డాడు. మొహంలో నిద్ర లేచిన పిల్లాడి కళ ఉంది.

నేను పరుగున వెళ్ళి షెడ్డులో నర్సరమ్మకు చెప్పాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, నన్ను కావలించుకుంటుందనుకున్నాను. ఆవిడ నీళ్ళ డబ్బా చేత్తోనే పట్టుకుని, రెండో చెయ్యి నడుం మీద పెట్టుకుంది.

"ముప్ఫై ఒకటికి ఇరవై తొమ్మిదా? రెండేనా తేడా?"

"గెలిచావమ్మా నువ్వు!"

"ఏం గెలుపు? పన్నెండేళ్ళు నా నడుం విరిగింది. అదేమో ఊరికే కూర్చుని ఇరవై తొమ్మిది మొలిపించుకుందా? ఎవరిదది, ఆ చరియ? ఎక్కడుంది?"

నా వెనకే వస్తున్న బావగారు కంగారుపడ్డారు. "అలా పోల్చకూడదమ్మా. అది జారినా దాని మట్టి దానికుంది. ఆ మట్టిలో వేళ్ళున్నాయి, ఎప్పటివో గింజలున్నాయి. మీకు ఇచ్చింది రాళ్ళపొడి. అందులో ఏమీ లేదు. ఏమీ లేనిదానితో పోలిస్తే..."

నర్సరమ్మ నీళ్ళ డబ్బా కింద పెట్టింది.

"మొదటి వారం నుంచీ లెక్కపెడుతున్నారా సారూ?" అంది. "నేను నాటినవి బతుకుతాయో లేదో కూడా ఎవరికీ తెలియదుగా అప్పటికి."

బావగారు టోపీ తీసి అటూ ఇటూ తిప్పారు. "మీరు నాటుతుంటే చూశానమ్మా. వీటిని ఎప్పటికైనా ఆ ఎనభై నాలుగు పక్కన నిలబెడతారు గదా అనిపించింది. అదొక్కటీ నాకు నచ్చలేదు."

నాకు సిగ్గేసింది. మనసుందా అని ఆయన్నే అడిగాను నేను. ఆయన కూర బాగుందని ఎందుకు చెప్పరో, నా గొయ్యి పటాన్ని ఎందుకు వెనకేసుకొచ్చారో అప్పుడు అర్థమైంది. ఎవరినైనా సరే, తప్పు మనిషి పక్కన నిలబెడితే మా బావగారు చూడలేరు. సరైన పక్క దొరికేదాకా వెతుకుతూనే ఉంటారు, దానికి పన్నెండేళ్ళు పట్టినా సరే. ఈలోగా మనం విసుక్కుని లేచి వెళ్ళిపోతాం. ఆ మాట ఆ రాత్రే అక్కకు చెప్పాను. తర్వాతి ఆదివారం అక్క డబ్బాలో రెండు కూరలు పెట్టింది, పోల్చుకోవడానికి.

ఆ ఆదివారం నర్సరమ్మ కూడా వస్తానంది. "పన్నెండేళ్ళు నాకు ఒక్క మాట చెప్పలేదేం సారూ?" అని దారి పొడుగునా సాధిస్తూనే ఉంది.

"చెబితే మీరు ఊరుకునేవారా?" అన్నారు బావగారు.

బండ మీదికి ఎక్కాక ఆయన చేతులు జోడించినంత పని చేశారు. "చూడండి, ఎంతసేపైనా చూడండి. చెయ్యి మాత్రం వెయ్యకండి." ఆవిడ బుద్ధిగా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని అంచున నిలబడింది. పన్నెండేళ్ళలో ఆవిడ చేతుల్ని అంత ఖాళీగా నేను చూడలేదు. కింద ఎర్రమట్టి సందుల్లోంచి చిన్న చిన్న మొక్కలు ఎండలో కదులుతున్నాయి. ఒకచోట బోసిగా ఉంటే ఆవిడ వేళ్ళు వెనక వాటంతటవే మెలితిరిగాయి గానీ, విడిపోలేదు. చాలాసేపు చూసింది. పోటీకొచ్చిన నేలను తిట్టిపోస్తుందేమోనని నేను ఎదురుచూస్తున్నాను.

"వీటికి ఎవరూ నీళ్ళు పోయలేదా సారూ?" అంది.

"ఎవరూ పోయలేదమ్మా."

"ఎండాకాలంలో కూడానా?"

"ఎప్పుడూ పోయలేదు."

"అయ్యో పాపం," అంది నర్సరమ్మ, వాటి వైపే చూస్తూ.

బావగారు అది రాసుకుందామని పుస్తకం తెరిచారు. ఏ గడిలో రాయాలో తోచక, కలం పట్టుకుని అలాగే కూర్చున్నారు.